జీరో బిల్లు, 500 గ్యాస్ బండ: రెండూ వాడుతున్న ఇంటి నుంచి

మాది హైదరాబాద్, చింతల్. రెండు గదుల కిరాయి పోర్షన్. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. అత్తమ్మ, ఇంటర్ చదివే పాప, ఎనిమిదో తరగతి బాబు, మొత్తం ఐదుగురం. తెల్ల రేషన్ కార్డు ఉంది. తెలంగాణ ప్రభుత్వం గృహజ్యోతి కింద ఇస్తున్న ఉచిత కరెంటు, మహాలక్ష్మి కింద ఇస్తున్న 500 రూపాయల గ్యాస్ బండ రెండూ మాకు వస్తున్నాయి. ఏడాదిన్నరకు పైగా వాడుతున్నాం కాబట్టి ఏది ఎలా పనిచేస్తోందో చెప్పగలను. ఫోన్ కొంటే, మిక్సీ కొంటే రివ్యూ రాస్తాం. మా ఇంటి ఖర్చులో వాటికంటే పెద్దవి ఇవి. వీటి మంచిచెడ్డలు ఎవరూ వివరంగా రాయడం నేను చూడలేదు.

ముందే చెప్పేస్తున్నాను. కరెంటుకి ఐదులో నాలుగున్నర ఇస్తాను. గ్యాస్‌కి మూడు. రెండూ ఒకే ప్రభుత్వానివి, ఒకే రోజు మొదలయ్యాయి. 2024 ఫిబ్రవరి 27న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సచివాలయంలో రెండింటినీ కలిపే ప్రారంభించారు. దరఖాస్తు కూడా ఒక్కటే. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన అని కాలనీల్లో, ఊళ్లలో ఫారాలు తీసుకున్నారు కదా, అదే ఫారంలో ఒక చోట గ్యాస్ కనెక్షన్ నంబరు, ఇంకో చోట కరెంటు మీటర్ నంబరు రాసి ఇచ్చాం. అయినా మా ఇంట్లో ఒకటి పనిచేసిన తీరు వేరు, రెండోది పనిచేసిన తీరు వేరు.

కరెంటు సంగతి ముందు. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. ఈ పథకం రాకముందు మాకు చలికాలంలో 110, 115 యూనిట్లు కాలేవి, బిల్లు 500 చిల్లర వచ్చేది. ఎండాకాలం కూలర్ తిరిగితే 180 దాకా వెళ్లేది, బిల్లు 800 దాటేది. ఆటో ఫైనాన్స్ కట్టే తేదీ, ఇంటి కిరాయి తేదీ, కరెంటు బిల్లు తేదీ అన్నీ నెల మొదటి వారంలోనే. ఆ వారమంతా ఒకటే టెన్షన్. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం అత్తమ్మ ఫ్యాన్ ఆపేసి మెట్ల మీద నీడలో కూర్చునేది. ఎందుకత్తమ్మా అంటే, గాలి అక్కడే బాగుంది అనేది. అక్కడ గాలి ఆడదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

2024 మార్చిలో అందరికీ జీరో బిల్లు వచ్చింది, మాకు రాలేదు. మా పక్క పోర్షన్ వాళ్ల చీటీ చివర్లో సున్నా, మా చీటీ చివర్లో 600 పైన. నాకు ఆ రోజు కుట్టు మీద చేయి ఆడలేదు. మాకెందుకు రాలేదో ఎవరిని అడగాలో తెలియదు. ఆఖరికి అర్హులై ఉండి జీరో బిల్లు రానివాళ్లు రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని కరెంటు ఆఫీసుకు వెళ్తే సరిచేస్తారని వార్తల్లో చెప్పారు. వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నామె కంప్యూటర్‌లో చూసి, "అమ్మా, మీ దరఖాస్తులో సర్వీసు నంబరు ఒక అంకె తప్పు పడింది" అంది. నేను ఫారంలో సరిగ్గానే రాశాను, జిరాక్స్ నా దగ్గర ఉంది. ఎక్కించేటప్పుడు 6 బదులు 8 పడింది. రేషన్ కార్డు, ఆధార్, పాత బిల్లు జిరాక్సులు ఇచ్చాను. ఆ నెల బిల్లు సవరించి ఇచ్చారు, ఏప్రిల్ నుంచి సున్నా వచ్చింది. రెండు పూటల పని పోయింది కానీ పని జరిగింది. అందుకే అందరికీ చెప్తున్నాను, ఏ ఫారం ఇచ్చినా జిరాక్స్ తీసి దాచుకోండి. ఆ రోజు ఆ కాగితం లేకపోతే తప్పు ఎవరిదో తేలేది కాదు.

జీరో బిల్లులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది. మన చేతి నుంచి డబ్బు బయటికి పోదు. ముందు కట్టండి, తర్వాత మీ ఖాతాలో వేస్తాం అనరు. రీడింగ్ తీసే అబ్బాయి నెలనెలా వస్తాడు, చేతిలో మిషన్ మీటర్‌కి పెడతాడు, చీటీ వస్తుంది. అందులో మనం వాడిన యూనిట్లకు చార్జీ వేసి, సబ్సిడీ కింద అంతా తీసేసి, చివర్లో సున్నా చూపిస్తారు. బ్యాంకుకు పోనక్కర్లేదు, ఓటీపీ లేదు, వేలిముద్ర లేదు. చదువు రాని మా అత్తమ్మ కూడా చీటీ చివర చూసి సున్నా గుర్తుపడుతుంది. ఏడాదికి మాకు మిగిలేది 7,000 పైనే. మొదటి ఏడాది మిగిలిన దాంట్లో ఒక కొత్త ఫ్యాన్ కొన్నాను, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం. పాత ఫ్యాన్ 75 వాట్లు, ఇది 30 వాట్లు. మా హాల్లో ఫ్యాన్ రోజుకు 20 గంటలు తిరుగుతుంది. పాతదానికి నెలకు 45 యూనిట్లు అయ్యేవి, దీనికి 18 చాలు. ఒక్క ఫ్యాన్ మీద 27 యూనిట్లు. 200 గీత కింద ఉండాల్సిన ఇంటికి అది చిన్న లెక్క కాదు.

ఇక అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఆ గీత వల్లే. 200 దాటి ఒక్క యూనిట్ ఎక్కువైనా మొత్తం బిల్లు మనమే కట్టాలి. దాటినంత మేరకే కాదు, మొదటి యూనిట్ నుంచీ. పైగా 200 దాటగానే స్లాబు, అంటే యూనిట్ రేటు వరస, మారిపోతుంది. నెలకు వంద దాటి 200 లోపు ఉన్నవాళ్లకు మొదటి వంద యూనిట్లు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి వంద 4 రూపాయల 80 పైసలు. 200 దాటితే మొదటి 200 కూడా 5 రూపాయల 10 పైసల లెక్కలోకి పోతాయి, ఆపైన 300 దాకా ప్రతి యూనిట్ 7 రూపాయల 70 పైసలు. అంటే 200 యూనిట్ల దగ్గర సున్నా, 201 దగ్గర ఒక్క కరెంటు చార్జీయే 1,027 రూపాయలు. దాని మీద కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ వేరే.

2025 మే నెలలో మాకు అదే జరిగింది. మా చెల్లెలు పిల్లలతో పది రోజులు వచ్చింది. పెళ్లిళ్ల సీజన్, చేతి నిండా బ్లౌజులు. కుట్టినవి ఇస్త్రీ చేసి ఇవ్వాలి. కూలర్ పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంది. నేను మీటర్ చూడటం మర్చిపోయాను. రీడింగ్ అబ్బాయి చీటీ తీసి చేతికివ్వకుండా ముందు నోటితో చెప్పాడు, "అక్కా, ఈసారి దాటింది." 207 యూనిట్లు. బిల్లు 1,200. ఆ ఏడు యూనిట్లు తగ్గి ఉంటే సున్నా. చెల్లెలి ముందు బాధ కనబడనీయకూడదని చీటీ మడిచి కుట్టు మిషన్ సొరుగులో పెట్టాను. ఆమె చూడనే చూసింది. పోయేటప్పుడు పాప చేతిలో 500 పెట్టి వెళ్లింది, వద్దన్నా వినలేదు. చుట్టం వస్తే కరెంటు గురించి ఆలోచించాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

దీనికి దారి లేకపోలేదు. ఢిల్లీలో 2019 నుంచి 200 యూనిట్ల దాకా ఉచితం ఇస్తూ, 201 నుంచి 400 దాకా వాడినవాళ్లకు సగం సబ్సిడీ, 800 రూపాయలకు మించకుండా ఇస్తున్నారు. గీత దాటిన నెల ఒక్కసారిగా కింద పడిపోకుండా ఒక మెట్టు ఉంది. మనకూ అలాంటి మెట్టు ఒకటి కావాలి. ఏడాది పొడవునా కాకపోయినా ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలైనా. ఎండలు ముదిరినప్పుడు రేకుల ఇంట్లో ఉండేవాళ్లకు కూలర్ విలాసం కాదు.

ఆ మే నెల తర్వాత నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. మా మీటర్ మెట్ల కింద ఉంటుంది, వరసగా ఐదు మీటర్లు, కింద పెయింట్‌తో పోర్షన్ నంబర్లు. అద్దంలో అంకెలు మారుతూ ఉంటాయి, ఒకసారి తేదీ, ఒకసారి టైము, ఇంకేవో అంకెలు. పక్కన కేడబ్ల్యూహెచ్ అని అక్షరాలు పడేదాకా ఆగాలి, అదే మన యూనిట్ల లెక్క. రీడింగ్ తీసిన రోజు ఆ అంకె రాసుకుని, దానికి 200 కలిపి, ఆ పెద్ద అంకె చుట్టూ సున్నా చుడతాను. ఆపైన పది రోజులకోసారి చూస్తాను. పదో రోజుకు 65 లోపు, ఇరవయ్యో రోజుకు 130 లోపు ఉంటే గుండె నిబ్బరం. మీటర్ మీద ఎర్ర లైటు మెరుస్తుంది చూడండి, ఇస్త్రీ పెట్టె పెట్టినప్పుడు ఒకరిని అక్కడ నిలబెట్టండి. మా బాబుని నిలబెట్టి పైనుంచి పెట్టె ఆన్ చేశాను. "అమ్మా, ఆగకుండా కొట్టుకుంటోంది" అని అరిచాడు. ఆఫ్ చేయగానే మళ్లీ నెమ్మదించింది. అప్పటి నుంచి బట్టలన్నీ పోగుచేసి వారానికి రెండుసార్లే ఇస్త్రీ చేస్తున్నాను, మాటిమాటికీ పెట్టె వేడెక్కించే ఖర్చు తగ్గింది.

ఇప్పుడు గ్యాస్. కనెక్షన్ నా పేరు మీదే ఉంది, దరఖాస్తులో తప్పులు పడలేదు, ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. 14.2 కిలోల బండ 500కే అంటారు కానీ, 500 ఇస్తే బండ ఇవ్వరు. ముందు పూర్తి ధర కట్టాలి. 2025 ఏప్రిల్‌లో 50 పెరిగాక హైదరాబాద్‌లో బండ 905 అయింది. తెచ్చిన అబ్బాయి మోసినందుకని పైన ఇంకో 30, 40 అడుగుతాడు. రసీదులో ఆ డబ్బు ఉండదు, ఇవ్వకపోతే తర్వాతిసారి మన వంతు ఆలస్యమవుతుందని భయం. అంటే ఆ ధరకు బండ దిగే రోజు చేతిలో 950 ఉండాల్సి వచ్చింది. 500 పోను మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది.

రోజు సంపాదన మీద బతికే ఇంట్లో 500కీ 950కీ తేడా చాలా పెద్దది. నాలుగు రోజుల్లో వెనక్కి వస్తుంది కదా అనొచ్చు. ఆ నాలుగు రోజులకే మా వీధిలో చేబదులు తీసుకుంటారు. నేనే రెండుసార్లు జాకెట్ పీసు తెచ్చిన ఆమె దగ్గర అడ్వాన్స్ అడిగి బండ తీసుకున్నాను.

పైగా మాకు నాలుగు రోజుల్లో రాలేదు. మొదటి రెండు బండల సబ్సిడీ రానే రాలేదనుకున్నాం. గ్యాస్ ఏజెన్సీలో అడిగితే పంపామంటారు, బ్యాంకులో అడిగితే రాలేదంటారు. మూడు నెలలు తిరిగాను. చివరికి మా వీధి చివర మీసేవ అబ్బాయి ఆధార్ సైట్ తెరిచి, బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఒకటుంటే అందులో నా నంబరు కొట్టి చూశాడు. నేను వాడేది మహిళా సంఘం వాళ్లు తెరిపించిన ఖాతా. ఆధార్ లింక్ అయి ఉన్నది ఎప్పుడో జీరో బ్యాలెన్స్ కింద తెరిచి వదిలేసిన ఇంకో బ్యాంకు ఖాతాకి. ప్రభుత్వం డబ్బు ఆధార్ ఏ ఖాతాకి కట్టి ఉంటే అక్కడికే పోతుంది, మనం ఫారంలో ఏది రాసినా సరే. బీరువాలో బట్టల కింద పాత పాస్‌బుక్ వెతికి పట్టుకుని పోతే రెండు బండల డబ్బూ అందులో ఉన్నాయి. డబ్బు దొరికిన సంతోషం కంటే, మూడు నెలలు ఎవరూ ఈ ముక్క చెప్పలేదన్న బాధే ఎక్కువైంది. మీకు సబ్సిడీ రావడం లేదంటే ఏజెన్సీ చుట్టూ తిరిగే ముందు ఇది చూసుకోండి. చూడటానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

నా మనసుకు ఇంకా గుచ్చుకునేది వేరే ఉంది. ఏడాదికి ఎన్ని బండలకు ఈ ధర ఇస్తారంటే, అంతకుముందు మూడేళ్లలో సగటున ఎన్ని వాడామో అన్నిటికి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ మూడేళ్లు ఎలాంటివో గుర్తు తెచ్చుకోండి. 2022 జులైలో హైదరాబాద్‌లో బండ 1,105. 2023 మార్చిలో 1,155. ఆగస్టు చివర 200 తగ్గించాక 955 అయింది. ఆ ధరకు భయపడి మేం గ్యాస్ దాచుకుని వాడాం. మా ఇంటి వెనక వడ్రంగి షాపు నుంచి చెక్క ముక్కలు సంచిలో తెచ్చి, డాబా మీద మూడు ఇటుకలు పెట్టి స్నానాలకు నీళ్లు కాచాను. ఆదివారం బియ్యం కూడా ఆ పొయ్యి మీదే ఉడికేవి. పొగకు అత్తమ్మ దగ్గు నెలల తరబడి తగ్గలేదు. అలా ఏడాదికి ఐదు బండలతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు కంప్యూటర్ మా ఇంటికి ఐదు బండలు చాలని లెక్క వేసింది. మా వీధిలోనే ఏడాదికి తొమ్మిది, పది వాడుకోగలిగిన ఇళ్లకు ఆ లెక్కే ఎక్కువ ఇచ్చింది. డబ్బు లేక తక్కువ వాడినవాళ్లకే తక్కువ సాయం అందింది. ఇది కావాలని చేసి ఉండరని నమ్ముతాను. కానీ లెక్క రాసినవాళ్లు పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లను ఒక్కరిని అడిగినా ఇది తెలిసేది. మనిషికి ఇన్ని కిలోలని ఇంట్లో తలలు లెక్కపెట్టి ఇవ్వొచ్చు, రేషన్ బియ్యం అలాగే కదా ఇస్తున్నారు.

మా ఆడపడుచు విజయవాడలో ఉంటుంది. వాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ దీపం 2 పథకం కింద ఏడాదికి మూడు బండలు పూర్తిగా ఉచితం. 2024 నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో చంద్రబాబు నాయుడు మొదలుపెట్టారు. అక్కడ పాత వాడకంతో పనిలేదు, కార్డు ఉన్న ఇంటికి మూడంటే మూడే. అది నాకు న్యాయంగా అనిపించింది. నాలుగు నెలలకొకటి చొప్పున గడువులు పెట్టారు, ఏప్రిల్ నుంచి జులై దాకా ఒకటి, ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఒకటి, డిసెంబర్ నుంచి మార్చి దాకా ఒకటి. గడువులోపు బుక్ చేసుకోవాలి. కానీ అక్కడా ముందు డబ్బు మనమే కట్టాలి, బండ దిగాక ఖాతాలో వేస్తారు. "వదినా, పేరుకు ఉచితం, బండ దిగేటప్పుడు మాత్రం పర్సు వెతుక్కోవాలి" అంటుంది మా ఆడపడుచు. కరెంటు బిల్లులో సబ్సిడీ బిల్లు మీదే తీసేయగలిగినప్పుడు, గ్యాస్ రసీదు మీద తీసేయడం అంత కష్టమా అని నాకు అనిపిస్తుంది. ఇవ్వాల్సిన డబ్బు ఎలాగూ ఇస్తున్నారు. అది నా ఖాతాకు కాకుండా నేరుగా కంపెనీకి కట్టి, మా దగ్గర 500 తీసుకుంటే మా ఇంట్లో బండ అయిపోయిన రోజు గొడవ ఉండదు. అలా చేసిన రోజు మూడు మార్కులను ఐదు చేస్తాను.

ఇక ఈ రెండూ అందనివాళ్ల గురించి ఒక్కరి సంగతైనా చెప్పాలి. మా పైన డాబా మీద రేకుల గదిలో ఒక పెద్దమ్మ ఉంటుంది. ఒంటరి మనిషి, రెండు అపార్ట్‌మెంట్లలో పని చేస్తుంది. ఆమెకు సొంత మీటర్ లేదు, ఓనర్ మీటర్ నుంచి సబ్ మీటర్ ఇచ్చారు, యూనిట్‌కు 9 రూపాయలు. నెలకు 60 యూనిట్లు కాలుస్తుంది, 540 కడుతుంది. అదే 60 యూనిట్లు సొంత మీటర్ మీద అయితే, ఏ పథకమూ లేకుండానే, మొదటి 50 యూనిట్లకు 1 రూపాయి 95 పైసలు, మిగతా పదికి 3 రూపాయల 10 పైసలు. అన్ని చార్జీలూ కలిపినా రెండు వందల చిల్లర. గృహజ్యోతి ఉంటే సున్నా. మా బిల్డింగ్‌లో అందరికంటే తక్కువ కరెంటు వాడే మనిషి, నెల నెలా అందరికంటే ఎక్కువ కడుతోంది. కిరాయికి ఉన్నవాళ్లకూ గృహజ్యోతి వర్తిస్తుంది, మాకు వస్తోంది కదా. కానీ పోర్షన్‌కు వేరే మీటర్ ఉంటేనే.

ఆమెకు మొన్నటిదాకా రేషన్ కార్డు కూడా లేదు. 2025 జులైలో కొత్త కార్డులు ఇవ్వడం మొదలుపెట్టాక ఆమె పేరు వచ్చింది. కార్డు చేతికి వచ్చిన రోజు మా ఇంటికి వచ్చి, "బిడ్డా, దీంతో కరెంటు బిల్లు పోతుందా" అని అడిగింది. పోదు పెద్దమ్మా, ముందు మీటర్ కావాలి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. ఆదివారం ఇద్దరం కలిసి ఓనర్ దగ్గరికి వెళ్లాం. ఆయన చెడ్డమనిషి కాదు. వైరింగ్ మార్చాలి, ఖర్చవుతుంది అన్నారు. ఆ ఖర్చులో సగం నేను కుట్టి ఇచ్చే బట్టల్లో కోసుకోండి, మీ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలున్నారు కదా అన్నాను. దసరా తర్వాత చూద్దాం అన్నారు. కొత్త మీటర్ దరఖాస్తు ఆ రోజే మీసేవలో ప్రింట్ తీయించాను. పెద్దమ్మ వేలిముద్ర పడింది, ఓనర్ సంతకం పడాలి. అది నా మిషన్ సొరుగులో, మే నెల బిల్లు పక్కనే ఉంది.